వేణుగిరి రాజు వెనక్కి తీసుకున్న మాట

ఒకానొక రాజ్యంలో, దాని పేరు వేణుగిరి అనుకోండి, విక్రాంతదేవుడని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడు, ఏడ్చేవాళ్ళని చూస్తే తనకీ కళ్ళు చెమర్చేవి. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తన మాటంటే తనకి మహా మురిపెం.

పట్టాభిషేకం నాడు నిండు కొలువులో లేచి నిలబడి ఆయన ఇలా చాటాడు.

"నా నోట వెలువడిన ప్రతి మాటా శాసనమే. అన్నది అన్నట్టు జరగాలి. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఈ సింహాసనానికి తెలియదు."

అంతటితో ఆగాడా? తనకి తానే 'వజ్రవాక్కు' అని బిరుదు పెట్టుకున్నాడు. ఆ నాలుగక్షరాలూ ముత్యాలతో పాగా మీద కుట్టించుకున్నాడు. వెంట ఒక రాయసకాడిని పెట్టుకున్నాడు. రాజు ఎక్కడికి వెళితే వాడూ అక్కడికే. రాజు నోరు విప్పితే చాలు, తాటాకు మీద గంటం కరకరమనేది.

ఆ రాజుకి పాలిచ్చి పెంచిన దాది నాంచారమ్మ. పుట్టిల్లు కోట బయట కుమ్మరివీధి. రాజు నాలుగు నెలల బిడ్డగా ఉన్నప్పుడు అంతఃపురంలో అడుగుపెట్టింది. బిడ్డకి మీసాలొచ్చాయి, కిరీటం వచ్చింది, ఆమె జుట్టు తెల్లబడింది. అయినా మధ్యాహ్నం రాజుకి వడ్డించేది ఆమే. కొలువులో అందరూ 'మహాప్రభో' అంటే ఆమె మాత్రం 'నాయనా' అనేది. మంత్రులు మొహాలు చిట్లించేవారు. రాజు ఏమీ అనేవాడు కాడు.

అరవై దాటాక నాంచారమ్మకి చదువు మీద మనసు పోయింది. ఆస్థానంలో సూరిభట్టు అనే పెద్ద పండితుడు రాజ్యంలోని మాటలన్నీ ఏరి నిఘంటువు రాస్తున్నాడు. ఒకనాడు ఆమె ఇత్తడి పళ్ళెంలో ఇసుక పోసుకుని ఆయన ముందు కూచుంది.

"అయ్యవారూ, నాకు నాలుగు అక్షరాలు పెడతారా?"

ఆయన నవ్వలేదు. ఆమె వేలు పట్టుకుని ఇసుకలో 'అ' దిద్దించాడు. నాంచారమ్మ ఆ అక్షరాన్ని కళ్ళింతలు చేసుకుని చూసింది. నోటితో అన్నమాట గాలిలో కలిసిపోతుందనే అనుకుందామె ఇన్నాళ్ళూ. దానికి కాళ్ళున్నాయనీ, ఇసుకలో అడుగులు వేస్తుందనీ ఆమెకి ఎవరూ చెప్పలేదు. రోజుకొక అక్షరం, మరునాడు పాత అక్షరాలకి దండం పెట్టి కొత్తది. అలా ఏడాది తిరిగేసరికి ఒక్కో మాటా కూడబలుక్కుని చదవడం నేర్చింది.

ఇలా ఉండగా కుమ్మరివీధి మీద పిడుగు పడింది.

పిడుగంటే ఆకాశం నుంచి పడింది కాదు. ఒక పొద్దున రాజు పొరుగు రాజ్యం దూతని పక్కన కూచోబెట్టుకుని పల్లకిలో ఆ వీధి మీదుగా వెళ్ళాడు. కుండలు కాల్చడానికి అప్పుడే ముట్టించిన ఆవం నుంచి పొగ లేచి సరాసరి పల్లకిలోకి దూరింది. రాజు తన పరాక్రమం గురించి చెబుతున్నవాడల్లా తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా పదకొండు తుమ్ములు. పాగా ఎగిరి వీధిలో పడింది. దూత నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఈ వీధిలో ఇక ఆవం ముట్టించకూడదు!" అన్నాడు రాజు ముక్కు తుడుచుకుంటూ.

వెనకాల నడుస్తున్న రాయసకాడి గంటం కరకరమంది. అయిపోయింది.

నాలుగు వారాలు గడిచాయి. నాంచారమ్మ చెల్లెలు ఓబుళమ్మ కోట వెనక గుమ్మం దగ్గరికి వచ్చి కూలబడింది.

"అక్కా, ఏం చెయ్యమంటావే? ఇల్లంతా పచ్చికుండలే. పడుకోవడానికి చోటు లేదు. ఉన్నవాటిని ఆవంలో పేర్చేశాం. పైన గడ్డి కప్పాం, మట్టి మెత్తాం. నిప్పు ఒక్కటే తక్కువ. పడమటి కొండల మీద మబ్బు పట్టింది, చూశావా? కాలని కుండ మీద వాన పడితే ఏముంటుందే అక్కా? బురదే. వీధి వీధంతా ఎండాకాలం చేసిన పనంతా బురదే."

"ఎన్నాళ్ళుంది వానకి?"

"మా ఆయన మూడు రోజులంటాడు. నాకైతే రెండే అనిపిస్తోంది."

నాంచారమ్మ చెల్లెలి చేతులు పట్టుకుని చూసింది. గోళ్ళ సందుల్లో ఎండిన మట్టి. చిన్నప్పుడు తన చేతులూ అలాగే ఉండేవి.

"నువ్వు ఇంటికెళ్ళు. నిప్పు సిద్ధంగా పెట్టుకో" అంది.

ఆ మధ్యాహ్నం రాజు భోజనానికి కూచున్నాడు. ఇక్కడ ఆయన భోజనం సంగతి కాస్త చెప్పాలి. మొదటి గరిటె అన్నం పడగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనేవాడు. మర్యాద కదా! నాంచారమ్మ ఆ వేళ్ళ సందుల్లోంచే ఇంకో రెండు గరిటెలు వేసేది. నెయ్యి ఒక చుక్క పడగానే "చాలు చాలు" అనేవాడు. ఆమె గిన్నె వంచేసేది. చివర పెరుగు వస్తే మూతి ముడుచుకుని "వద్దు" అనేవాడు. "నా తండ్రివి కదూ, ఒక్క ముద్ద" అని ఆమె బతిమాలాలి. అలా బతిమాలించుకుని రెండు సోలల పెరుగు, ఒక మామిడిపండు తినేవాడు. ఐదేళ్ళప్పటి అలవాటు, ముప్ఫయ్యేళ్ళు దాటినా పోలేదు. ఆ కాస్సేపూ రాయసకాడు కూడా గంటం కింద పెట్టి గోడ వైపు తిరిగేవాడు.

పెరుగు కలుపుతున్న రాజుతో నాంచారమ్మ మెల్లిగా అంది.

"నాయనా, కుమ్మరివీధిలో పిల్లలు పస్తులున్నారట."

"ధాన్యం పంపిస్తాను."

"ధాన్యం వండుకోవడానికి కుండ కావాలి కదా. ఆవం ముట్టించుకోమని ఒక్క మాట..."

రాజు చెయ్యి ఆగింది.

"దాదమ్మా, ధాన్యం అడుగు, బట్టలు అడుగు. అన్నమాట వెనక్కి తీసుకోమని మాత్రం అడగకు. వజ్రవాక్కు అన్నాక వజ్రవాక్కే."

మరునాడు నాంచారమ్మ ఇసుక పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి సూరిభట్టు ఒక తాటాకు ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూచుని ఉన్నాడు.

"ఏమైంది అయ్యవారూ?"

"ఇవాళ కొలువులో ఈ మాట వినిపించాలి నాంచారమ్మా. ప్రభువు దీన్ని బతకనివ్వరు."

ఆమె వంగి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. "ఉ... ప... సం... హ... రించు. ఉపసంహరించు! అంటే?"

"వెనక్కి తీసుకోవడం. ఆజ్ఞని, శాసనాన్ని, వేసిన అస్త్రాన్ని."

"అంటే కొట్టేయడమేనా?"

"అదే కాదు. రాజాజ్ఞని మంత్రి కొట్టేశాడనుకో, అది ధిక్కారం. శత్రువుకి భయపడి రాజే మానుకున్నాడనుకో, అది వెన్ను చూపడం. ఇచ్చినవాడే, ఎవరి భయమూ లేకుండా, ఆలోచించి నలుగురి ముందు వెనక్కి తీసుకుంటే, అప్పుడు ఈ మాట వాడాలి. అస్త్రం వెయ్యడం చాలామంది నేర్చుకుంటారు. వేసినదాన్ని తిరిగి పిలవడం తెలిసినవాడే గొప్ప విలుకాడు."

నాంచారమ్మ ఆ మాట వైపు కొత్త కోడలిని చూసినట్టు చూసింది. తర్వాత ఇసుక మీద నెమ్మదిగా దాన్ని దిద్దింది. దిద్దుతూ ఆలోచించింది.

కొలువు తీరింది. సూరిభట్టు వరసగా మాటలు చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చాడు. అర్థం చెప్పాడు. రాజు చెయ్యెత్తాడు.

"మన నిఘంటువులో మన రాజ్యంలో వాడుక ఉన్న మాటలే ఉండాలి. అవునా?"

"అవును ప్రభూ."

"ఈ మాటకి ఇక్కడ వాడుక లేదు. నా జన్మలో రాదు. ఇప్పుడే కొట్టేయండి."

రాయసకాడి గంటం కరకరమంది. సూరిభట్టు తన గంటం తీశాడు.

"కాస్త ఆగు నాయనా" అంది తాంబూలం పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డ నాంచారమ్మ. మంత్రులంతా మొహాలు చిట్లించారు. "నేను లేక లేక నేర్చుకున్నాను నాలుగు మాటలు. అందులో ఒకటి పొద్దున నేర్చి మధ్యాహ్నానికి పోగొట్టుకోమంటావా? దానికి వాడుక ఉందేమో."

రాజు నవ్వాడు. "ఎక్కడుంది దాదమ్మా? నీ ఇసుక పళ్ళెంలోనా?"

"నీ నోట్లోనే ఉందేమో. వెతికితే దొరుకుతుంది."

కొలువంతా గొల్లుమంది. రాజుకి సరదా వేసింది.

"సరే, పందెం! రేపు పొద్దుగూకేలోగా ఆ మాటకి వాడుక, అదీ నా నోటి నుంచే చూపించు. చూపిస్తే నువ్వేం కోరితే అదిస్తాను. లేకపోతే నీ ఇసుక పళ్ళెం నాకిచ్చేసి, బుద్ధిగా తులసిమాల తిప్పుకుంటూ కూచోవాలి."

"అలాగే నాయనా."

"సూరిభట్టూ, గంటం దించండి. రేపు పొద్దుగూకే దాకా ఆ మాటని ఉండనివ్వండి."

రాయసకాడి గంటం మళ్ళీ కరకరమంది. నాంచారమ్మ ఆ చప్పుడు విని, ఎందుకో, తాంబూలం పళ్ళెంలోకి చూసి చిన్నగా నవ్వుకుంది.

ఆ సాయంత్రం ఆమె వంటశాలకి వెళ్ళింది, స్నానశాలకి వెళ్ళింది, వింజామరలు వీచేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"రేపు ఒక్కరోజు రాజుగారు ఏమంటే అది చెయ్యండి. మొదట అన్నదే చెయ్యండి. తరవాత మళ్ళీ ఇంకోటన్నా, మొదటిదే శాసనం. ఏరా మల్లా, విన్నావా?"

స్నానశాల మల్లడు చేతిలో చెంబు కింద పెట్టేశాడు. "తల తీసేస్తారమ్మా!"

"చెప్పినట్టు చేసినవాడి తల ఎందుకు తీస్తాడ్రా? పట్టాభిషేకం నాడు ఆయన అన్నమాటే మనం పాటిస్తున్నాం. మహా అయితే నా తల తియ్యమను. ఎలాగూ నెరిసిపోయింది."

తరవాత ఆమె రాయసకాడితో కూడా మాట్లాడింది. వాడు మొదట తల అడ్డంగా ఊపాడు, చివరికి నిలువుగా ఊపాడు. రేపు మాత్రం భోజనం వేళ గోడ వైపు తిరగనన్నాడు.

తెల్లారింది. అది శనివారం, రాజుకి తలంటు. మల్లడు తల నిండా కుంకుడు పులుసు రుద్ది, చెంబుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు కాస్త వేడిగా ఉన్నాయి.

"అబ్బా! పొయ్యకు!" అన్నాడు రాజు.

మల్లడు చెంబు దించి రెండడుగులు వెనక్కి వేశాడు. కుంకుడు నురుగు నుదుటి మీది నుంచి కళ్ళలోకి జారింది.

"ఒరే, మండుతోంది! పొయ్యరా నీళ్ళు!"

"ప్రభువులు పొయ్యొద్దన్నారండి."

"ఇప్పుడు పొయ్యమంటున్నానుగా!"

"మొదటిది రాసేసుకున్నారండి" అన్నాడు మల్లడు ఏడుపు గొంతుతో.

గుమ్మం దగ్గర గంటం కరకరమంది. వజ్రవాక్కు మహారాజు కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో గాలిలో తడుముకుంటూ, గంగాళం వెతుక్కుని, తనే నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి కూచున్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నాంచారమ్మ ఒక గరిటె అన్నం వేసింది. రాజు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు."

నాంచారమ్మ అన్నం గిన్నె తీసుకెళ్ళిపోయింది. నెయ్యి ఒక చుక్క వేసింది.

"చాలు చాలు."

నెయ్యి గిన్నె వెళ్ళిపోయింది. పప్పు, వంకాయ కూర, పులుసు, అన్నీ అలాగే ఒక్కొక్క చెంచాడు పడి వెళ్ళిపోయాయి. రాజు నాలుగు ముద్దలు తిని చూసుకుంటే విస్తరి తుడిచినట్టు ఉంది. అప్పుడు పెరుగు వచ్చింది. గట్టి పెరుగు, పైన మీగడ, పక్కన ఆ ఏటి ఆఖరి మామిడిపండు. దాన్ని చూడగానే ఆయన మూతి దానంతటదే ముడుచుకుంది.

"వద్దు."

అని, బతిమాలుతుందని ఎదురుచూశాడు. నాంచారమ్మ పెరుగు ముంత మీద మూత పెట్టి, మామిడిపండు కొంగులో కట్టుకుని లేచింది.

"దాదమ్మా!"

"ఏం నాయనా?"

"పెరుగు?"

"వద్దన్నావుగా. ఇక ఈ జన్మకి నీకు పెరుగు లేదు. ఏం చేస్తాం, శాసనం."

రాజు ఆమె వైపు, గుమ్మం దగ్గర రాసుకుంటున్న రాయసకాడి వైపు, ఖాళీ విస్తరి వైపు చూశాడు. అప్పటికి అర్థమైంది.

"ఓహో! ఇదా నీ ఎత్తు! ఆకలి పెట్టి నా చేత మాట మార్పిస్తావా? నేనూ నీ పాలు తాగి పెరిగినవాణ్ణే. పొద్దుగూకే దాకా నోరే విప్పను. అప్పుడేం చేస్తావు?"

"నా తండ్రి, ఎంత మొండివాడివి!" అంది ఆమె ముచ్చటగా.

అన్నట్టే చేశాడు. ఆనాటి కొలువు అంత విచిత్రమైన కొలువు వేణుగిరిలో అంతకుముందు లేదు. రాజు పెదవులు బిగించి సింహాసనం మీద కూచున్నాడు. సేనాపతి ఏదో అడిగితే కనుబొమలు ఎగరేశాడు. సేనాపతి దాన్ని 'అవును' అనుకోవాలో 'కాదు' అనుకోవాలో తెలియక చెమటలు కక్కాడు. ఉక్కపోత, ఆకు కదలడం లేదు. వింజామరలవాళ్ళు ఉన్నారు కానీ, పొద్దున తలంటయ్యాక రాజు చిరాకులో "ఆపండి ఆ గాలి" అన్నాడు గనక వాళ్ళు బొమ్మల్లా నిలబడ్డారు. నిండు సభలో రాజు పొట్ట గుర్రుమంటే ఆస్థాన కవి అది మేఘగర్జన అనుకుని పద్యం ఎత్తుకోబోయి ఆగిపోయాడు.

నిజానికి మేఘం కూడా గర్జిస్తోంది. దూరంగా, పడమటి కొండల మీద.

ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాంచారమ్మ పడమటి కిటికీ వైపు చూస్తోంది. ఆవంలో పేర్చిన కుండలు, వాటి మీద కప్పిన గడ్డి, గుమ్మంలో నిప్పు పెట్టుకుని కూచున్న ఓబుళమ్మ ఆమె కళ్ళ ముందే ఉన్నారు. పొద్దు పడమటి బురుజు దాకా దిగింది. ఆమె ఇసుక పళ్ళెం తెచ్చి రాజు పాదాల దగ్గర పెట్టింది. దాని పక్కనే కొంగు చాటు నుంచి ఒక చిన్న ముంత తీసి పెట్టింది.

"పొద్దుగూకబోతోంది నాయనా. పళ్ళెం తెచ్చేశాను."

రాజు మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం నుంచీ బిగబట్టిన నోరు తెరుచుకుంది.

"చూశారా అందరూ! నా నోటి నుంచి రాలేదు. రాదు కూడా! దాదమ్మా, ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకునే ముందు ఒక్క చిన్న సందేహం. కొత్తగా చదువుకున్నదాన్ని, తెలీక అడుగుతున్నాను. నిన్న కొలువులో ఆ మాట గురించి నువ్వేమన్నావో ఆ రాయసం అబ్బాయిని ఒకసారి చదవమంటావా?"

"చదవనీ. నాకేం భయం?"

రాయసకాడు ఆకు తీసి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువుల శాసనం: 'ఈ మాటకి ఇక్కడ వాడుక లేదు. ఇప్పుడే కొట్టేయండి.'"

"ఆ తరవాత?" అంది నాంచారమ్మ.

"ప్రభువుల శాసనం: 'సూరిభట్టూ, గంటం దించండి. రేపు పొద్దుగూకే దాకా ఆ మాటని ఉండనివ్వండి.'"

మంత్రులు ఆ ఆకు వైపు మెడలు చాచారు.

"ఇప్పుడే కొట్టేయమన్నావు" అంది నాంచారమ్మ మెల్లిగా. "మళ్ళీ నువ్వే ఆపావు. మంత్రి ఆపలేదు. ఎవరికీ భయపడి ఆపలేదు. ఆలోచించి, నవ్వుతూ, ఇంతమంది ముందు ఆపావు. అయ్యవారూ, ఇచ్చిన ఆజ్ఞని ఇచ్చినవాడే వెనక్కి తీసుకుంటే దాన్ని ఏమంటారు?"

సూరిభట్టు లేచి నిలబడ్డాడు. "ఉపసంహరించడం అంటారమ్మా."

రాజు రాయసకాడి చేతిలోని ఆకు వంక తేరిపార చూశాడు. పాగా మీది ముత్యాలు తడుముకున్నాడు. చివరికి అడిగాడు.

"అంటే నువ్వు నిన్ననే గెలిచావా?"

"నిన్ననే నాయనా."

"మరి ఇవాళంతా నా కళ్ళు మండించి, కడుపు మాడ్చి, ఎందుకు ఏడిపించావు?"

"గెలవడానికి కాదు తండ్రీ. పందెం గెలిచి ఆవానికి నిప్పు అడిగితే నువ్వు ఇస్తావు. కానీ అది నేను గెలుచుకున్నది అవుతుంది. రేపు ఇంకో వీధి మీద ఇంకో మాట అంటావు. అప్పుడు ఆ వీధిలో పుట్టి నీకు వడ్డించే ముసలిది ఉండదు. చిరాకులో అన్న ఒక్కమాటకి ఎదుటివాడి కడుపు ఎలా మాడుతుందో నీ కడుపుకి తెలియాలనుకున్నాను. నువ్వు ఒక్కపూట తినలేదు. నాకూ సయించలేదులే, నేనూ తినలేదు."

నాంచారమ్మ ముంతని ఆయన చేతికిచ్చింది.

"వేలి కణుపుతో తట్టు."

రాజు తట్టాడు. ఖంగుమనలేదు. బొంగురుగా, దగ్గు పట్టినవాడి గొంతులా మోగింది.

"పైకి బాగానే ఉంది కదూ? లోపల ఎక్కడో నెర్రె ఉంది. మా వీధిలో ఆవం విప్పినరోజు ప్రతి కుండనీ ఇలా తడతాం. ఇలా మోగినదాన్ని చేసినవాడే తీసి పగలగొడతాడు. పక్కవాడు ముట్టుకోకూడదు, చేసిన చెయ్యే పగలగొట్టాలి. అది సంతకి వెళితే నీళ్ళన్నీ కారిపోయి కొన్న ఇల్లాలు ఏడుస్తుంది. నేను చేసిందెలా పగలగొడతానని మా అయ్య ఏనాడూ సిగ్గుపడలేదు. ఆయన చేసిన కుండంటే చుట్టుపక్కల పది ఊళ్ళలో నమ్మకం. పగలగొట్టడం తెలిసినవాడు గనకే ఆ నమ్మకం."

పడమటి నుంచి ఒక చల్లటి గాలి సభలోకి వచ్చింది. అందులో తడిమట్టి వాసన ఉంది. నాంచారమ్మ ఆ గాలి వచ్చిన వైపు చెయ్యి చూపించింది.

"నాయనా, వాన కొండ దిగుతోంది."

రాజు ఆ ముంతని ఇంకోసారి తట్టి చూశాడు. తరవాత సింహాసనం మెట్లు దిగి, దాన్ని రాతినేల మీద వేసి పగలగొట్టాడు.

"సూరిభట్టూ, రాసుకోండి. రాయసం, నువ్వూ రాయి. కుమ్మరివీధి ఆవం గురించి నేనిచ్చిన ఆజ్ఞని నేనే ఉపసంహరిస్తున్నాను. ఎవడ్రా అక్కడ గుర్రం మీద వేగంగా వెళ్ళేది? పరిగెత్తించు! ఇప్పుడే నిప్పు పెట్టమను!"

డెక్కల చప్పుడు కోట దాటింది. రాజుతో పాటు సభంతా లేచి పడమటి కిటికీల దగ్గర చేరారు. కాస్సేపటికి కుమ్మరివీధి మీద సన్నగా ఒక నూలుపోగులా పొగ లేచింది. దాని పక్కన ఇంకోటి, ఆ పక్కన ఇంకోటి. ఏడు పోగులయ్యాయి. నాంచారమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. వీధిలో ఏడు ఆవాలు. లోపల నిప్పు అంటుకుందంటే ఇక పైమట్టి మీద వాన పడినా పరవాలేదు. ఆమె అప్పుడు ఊపిరి పీల్చింది.

గాలి ఇటు తిరిగింది. పొగ కోట మీదకి వచ్చింది. రాజు ముక్కు ముడిచాడు. తుమ్మాడు. ఇంకోటి తుమ్మాడు. సభంతా రాయిలా బిగుసుకుపోయింది. రాయసకాడు గంటం ఎత్తి ఆకు మీద ఆనించాడు.

"ఈ పొగ..." అన్నాడు రాజు.

అందరూ ఊపిరి బిగబట్టారు.

"...కుంకుడు పులుసు కంటే వెయ్యి రెట్లు నయం!" అని రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూ తుమ్మాడు, తుమ్ముతూ నవ్వాడు. సేనాపతి నవ్వాడు, మంత్రులు నవ్వారు, గుమ్మం దగ్గర మల్లడు నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. మొదటి చినుకులు పడేటప్పటికి కొలువంతా సంతబజారులా కోలాహలంగా ఉంది.

నవ్వు అణిగాక రాజు అన్నాడు. "పందెం నువ్వే గెలిచావు దాదమ్మా. ఆవం సంగతి నా అంతట నేను తీసుకున్న మాట, దానికీ దీనికీ లంకె లేదు. నీకేం కావాలో కోరుకో."

నాంచారమ్మ ఆలోచించింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఆమెకి ఏం కావాలి?

"ఇసుకలో రాస్తే గాలికి చెరిగిపోతోంది నాయనా. ఒక్కసారి తాటాకు మీద రాయాలనుంది. ఆ మాట నన్ను రాయనిస్తారా అయ్యవారు?"

సూరిభట్టు తన గంటాన్ని కళ్ళకద్దుకుని ఆమె చేతికిచ్చాడు. నాంచారమ్మ నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, నేల మీద కూచుని, ఒక్కో అక్షరమూ గీసింది. గీతలు ఆకు మీద సరిగా కనపడలేదు. సూరిభట్టు ఆకుపసరు కలిపిన మసి పూసి తుడిచేసరికి అక్షరాలు నల్లగా తేలాయి. పెద్దపెద్ద అక్షరాలు, కాస్త వంకర. దాని కింద అర్థం రాజు స్వయంగా చెప్పి రాయించాడు. 'ఇచ్చినవాడే తట్టి చూసుకుని, నలుగురి ముందు వెనక్కి తీసుకొనుట. వాడుక: విక్రాంతదేవుడు ఆవం ఆజ్ఞను ఉపసంహరించెను.' ఆ ముసలమ్మకి రాజు ఒక జత బంగారు కడియాలూ, దంతపు పిడి ఉన్న గంటమూ ఇచ్చాడు. కడియాలు ఆమె పెట్టెలో పెట్టింది. గంటం మాత్రం రోజూ కొంగున కట్టుకుని తిరిగింది.

ఆనాటి నుంచి వేణుగిరిలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. రాజు ఆజ్ఞ ఇచ్చిన మూడోనాడు దాన్ని మళ్ళీ ఆయనకి చదివి వినిపించాలి. రాజు విని, బాగా మోగిందంటే అది శాసనం. లేకపోతే ఆయన చేత్తోనే ఆకు విరిచేస్తాడు. 'వజ్రవాక్కు' ముత్యాలు ఎప్పుడు విప్పించాడో ఎవరూ గమనించలేదు.

రెండు రోజుల తరవాత ఓబుళమ్మ, ఆవంలో కొత్తగా కాలిన ఎర్రటి ముంతలో పెరుగు తోడుపెట్టి అంతఃపురానికి పంపింది. మధ్యాహ్నం రాజు భోజనానికి కూచున్నాడు. నాంచారమ్మ మొదటి గరిటె వేసింది. రాజు చెయ్యి దానంతటదే విస్తరి మీదకి వచ్చింది.

"చాలు" అన్నాడు.

నాంచారమ్మ గరిటె గాలిలో ఆపింది. గుమ్మం దగ్గర రాయసకాడు గంటం పట్టుకుని ఇటు తిరిగాడు.

"శాసనమా నాయనా, మాటా?"

"మాటే, మాటే!" అన్నాడు రాజు కంగారుగా చెయ్యి తీసేస్తూ. "వెయ్యి తల్లీ!"

ఆమె వేసింది. రాయసకాడు గోడ వైపు తిరిగాడు. బయట వాన కురుస్తూనే ఉంది, ఆ వానలో కుమ్మరివీధి కుండలు చూరుల కింద వరసగా కూచుని, నీళ్ళు పట్టుకుంటున్నాయి.